డల్లాస్‌లో కొని గుంటూరులో వాడుతున్న మ్యాక్‌బుక్ ఎయిర్: ఆరు నెలల తర్వాత

2025 జూన్ చివర్లో పిల్లల సెలవులకు వచ్చిన మా తమ్ముడు, మరదలు నా కోసం డల్లాస్‌లో కొన్న 13 అంగుళాల ఆపిల్ కంపెనీ ల్యాప్‌టాప్, మ్యాక్‌బుక్ ఎయిర్, తెచ్చారు. ఎం4 చిప్పు, 16 జీబీ మెమరీ, 256 జీబీ స్టోరేజీ ఉన్న, అన్నిటికంటే తక్కువ ధర రకం అది. నేను గుంటూరులో ఇంటి దగ్గరే ఉండి తెలుగు అనువాదాలు చేస్తాను, పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. రోజుకు తొమ్మిది పది గంటలు ల్యాప్‌టాప్ ముందే గడుస్తాయి. ఆరు నెలలు వాడాక, యంత్రం గురించి చెప్పవలసిన మాటల కంటే దాన్ని వేరే దేశంలో కొని ఇక్కడ వాడుకోవడం గురించి చెప్పవలసిన మాటలే ఎక్కువ ఉన్నాయని తోచింది. అమెరికాలో ఒకరైనా లేని కుటుంబం మా వైపు అరుదు కనుక, ‘అక్కడి నుంచి తెప్పించుకుంటే చవక కదా’ అన్న మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ధర ఒక్కటే కారణమైతే, తగ్గింపు అమ్మకాల రోజుల్లో తప్ప, ఆ శ్రమ అక్కర్లేదని నా లెక్కలో తేలింది.

ఆ లెక్క ముందు చెప్తాను. 2025 మార్చిలో ఈ మోడల్ వచ్చినప్పుడు అమెరికాలో దీని ధర 999 డాలర్లు, మన దేశంలో 99,900 రూపాయలు. పైకి చూస్తే డాలరుకు వంద రూపాయల చొప్పున ధర కట్టినట్లుంటుంది, మారకం రేటేమో అప్పుడు 86 రూపాయల దగ్గర ఉంది, కాబట్టి పధ్నాలుగు వేలు మిగిలినట్లే అని మనసులో అనేసుకుంటాం. అయితే అమెరికా దుకాణంలో రాసి ఉండే ధర పన్ను కలపని ధర. డల్లాస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం; అది కలిపితే బిల్లు 1,081 డాలర్లు దాటుతుంది, అంటే దాదాపు 93,000 రూపాయలు. మన ధరలో 18 శాతం జీఎస్టీ ముందే కలిసి ఉంటుంది. కాబట్టి నిజంగా మిగిలేది ఏడు వేల లోపే. ఇంకొక విధంగా చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది: మన 99,900లో నుంచి జీఎస్టీని తీసివేస్తే 84,661 రూపాయలు వస్తుంది, 999 డాలర్లను 86తో గుణిస్తే 85,914 వస్తుంది. అంటే పన్నులు పక్కన పెడితే కంపెనీ మన దేశంలో ఈ యంత్రాన్ని ఎక్కువ ధరకు అమ్మలేదు. తేడా అంతా రెండు ప్రభుత్వాలు వేసే పన్నుల మధ్యనే ఉంది.

ఇది తెలిశాక మరికొన్ని సంగతులు వాటంతట అవే అర్థమవుతాయి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, ల్యాప్‌టాప్‌ను వ్యాపారానికే వాడే వ్యక్తి ఇక్కడ తన జీఎస్టీ నంబరుతో బిల్లు తీసుకుంటే ఆ 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టవలసిన జీఎస్టీలో నుంచి, తగ్గించుకోవచ్చు. అలాంటివారికి డల్లాస్ బిల్లు కంటే గుంటూరు బిల్లే చవక. మన కార్డుతో అక్కడ కొంటే విదేశీ లావాదేవీ రుసుము కింద చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం వరకు తీసుకుంటాయి, మిగులు ఏడు వేలలో పావు నుంచి దాదాపు సగం వరకు అక్కడే పోతుంది. ఇక్కడి దుకాణంలో ఏదైనా బ్యాంకు కార్డు మీద ఐదు వేలో పది వేలో తగ్గింపు నడుస్తున్న రోజైతే చెప్పనే అక్కర్లేదు. చదువుకునే పిల్లల కోసం కొనేవారు కూడా గమనించాలి: 2025లో విద్యార్థుల ధర అక్కడ 899 డాలర్లు ఉంటే, ఇక్కడ 89,900 రూపాయలు ఉండేది.

అమ్మకపు పన్నే లేని డెలావేర్, ఆరెగాన్, న్యూ హాంప్‌షైర్, మోంటానా రాష్ట్రాల్లో ఉన్నవారు కొనిపెడితే తేడా పధ్నాలుగు వేలకు చేరుతుంది. అంతకంటే పెద్ద తేడా తగ్గింపు అమ్మకాల రోజుల్లో వస్తుంది. మా తమ్ముడు కంపెనీ సొంత దుకాణంలో పూర్తి ధరకు కొని తెచ్చిన కొద్ది రోజులకే, జులైలో, అమెరికాలో అమెజాన్ ప్రైమ్ డే పేరుతో జరిగిన అమ్మకాల్లో ఇదే రకం 799 డాలర్లకు దిగింది. డల్లాస్ పన్నుతో కలిపినా అది 75,000 రూపాయల లోపే. అప్పుడు మన ధరతో తేడా పాతిక వేలు. మన దగ్గర కూడా దసరా, దీపావళి రోజుల్లో ధరలు దిగుతాయి కనుక, పోల్చేటప్పుడు అక్కడి తగ్గింపు ధరను ఇక్కడి తగ్గింపు ధరతోనే పోల్చాలి. అక్కడి తగ్గింపు ధర పక్కన ఇక్కడి పూర్తి ధర పెట్టి చూసి సంతోషపడితే లెక్క తప్పుతుంది.

యూరప్, గల్ఫ్ దేశాల నుంచి తెప్పించుకునేవారి లెక్క వేరు. బ్రిటన్‌లో పర్యాటకులకు వ్యాట్ తిరిగి ఇచ్చే పద్ధతిని 2021 జనవరి 1 నుంచి ఎత్తివేశారు కాబట్టి లండన్ నుంచి తెచ్చుకోవడంలో ఇప్పుడు అర్థం లేదు. దుబాయిలో వ్యాట్ 5 శాతమే, కానీ అక్కడ దొరికే చాలా యంత్రాల కీల మీద అరబిక్ అక్షరాలు కూడా ఉంటాయి. ముందే అడిగి ఇంగ్లిష్ కీబోర్డు ఉన్నది తీసుకోమని చెప్పాలి. జర్మనీ కీబోర్డులో వై, జెడ్ అక్షరాలు చోటు మార్చుకుని ఉంటాయి. చూసి టైపు చేసేవారికి అది రెండు రోజుల ఇబ్బందే కావచ్చు, నాలా చూడకుండా టైపు చేసేవారికి మాత్రం రోజూ తగిలే రాయి.

ఇక కస్టమ్స్ సంగతి. 18 ఏళ్లు నిండిన ప్రయాణికులు ఒక్కొక్కరు ఒక్కో ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. మా తమ్ముడి దగ్గర తన ఆఫీసు ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి కొత్తది మరదలి సంచిలో పెట్టారు. పిల్లలు ముగ్గురున్నా పద్దెనిమిది నిండనివారు కనుక వాళ్లు ఈ లెక్కలోకి రారు. శంషాబాదులో ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చూపించడానికి బిల్లు ఆమె చేతిలోనే ఉంది. పెట్టె పారేసి, అట్టలు చించేసి పాతదానిలా కనిపించేటట్లు తేవడం కొందరికి అలవాటు. ఒక్క యంత్రమే అయినప్పుడు నియమమే మన వైపు ఉంది, ఆ పని అనవసరం. 2023 ఆగస్టులో ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు కావాలని ప్రభుత్వం ప్రకటించినప్పుడు మా ఇంట్లోనే చాలామంది కంగారు పడ్డారు, కానీ ప్రయాణికులు సామానులో తెచ్చుకునేవాటికి అందులోనే మినహాయింపు ఉంది. కొరియర్లో ఒక్కటి తెప్పించుకోవడానికీ లైసెన్సు అక్కర్లేదు, అయితే దానికి పన్ను కట్టి తీరాలి.

దీనికి సంబంధించి పెద్దగా ఎవరూ మాట్లాడని మర్యాద ఒకటి ఉంది. తెలిసినవారి తెలిసినవారు వస్తున్నారని తెలిసి, ‘చిన్న పెట్టే కదా’ అని వారి చేతిలో ల్యాప్‌టాప్ పెట్టించడం మనలో మామూలైపోయింది. అలా పెట్టినప్పుడు వారికున్న ఒక్క మినహాయింపును మనం వాడుకుంటున్నాం. వారి దగ్గర మరొకటి ఉంటే సుంకం వారి మెడకు చుట్టుకుంటుంది, బిల్లు వారి పేరున ఉండదు, ప్రశ్నలకు జవాబు మాత్రం వారే చెప్పుకోవాలి. ముందుగా ఫోను చేసి ‘మీ దగ్గర ఇంకొకటి ఉందా అండీ’ అని అడగడం మన బాధ్యత.

తెచ్చే ముందు తమ్ముడు ఫోనులో అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తుంది. ‘అక్కా, సీలు తీసి చూడనా, అలాగే తెచ్చేయనా?’ కొత్తదనం నా చేతుల మీదుగానే విప్పాలన్న ఆశ ఉన్నా, తీసి చూడమనే చెప్పాను. కంపెనీ దుకాణంలో కొన్నదాన్ని వెనక్కి ఇవ్వడానికి 14 రోజులే గడువు. ఇక్కడికి వచ్చాక తెర మీద చుక్క కనిపించినా, ఒక కీ పలకకపోయినా ఆ గడువు మనకు పనికిరాదు. వాడు ఒక సాయంత్రం కూర్చుని తెల్లటి పేజీ, నల్లటి పేజీ తెర నిండా పెట్టి చూశాడు, ప్రతి కీ నొక్కాడు, కెమెరా, స్పీకర్లు పరీక్షించాడు, ఒకసారి చార్జింగ్ నిండా పెట్టి చూశాడు. వారంటీ కొన్న తేదీ నుంచే మొదలవుతుంది కాబట్టి మరీ ముందు కొనిపెట్టుకోవడమూ నష్టమే. ఏప్రిల్‌లో కొని జూన్‌లో తెస్తే ఏడాదిలో రెండు నెలలు అటకెక్కినట్లే. ప్రయాణానికి వారం పది రోజుల ముందు కొని, రెండు రోజుల్లో పరీక్షించడం సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఇది నాకు అమెరికా నుంచి వచ్చిన రెండో ల్యాప్‌టాప్. మొదటిది 2021లో మా పెదనాన్నగారి అబ్బాయి న్యూజెర్సీ నుంచి తెచ్చిన విండోస్ యంత్రం, వేరే కంపెనీది. ఎనిమిదో నెలలో దాని కీబోర్డులో ఒక వరస పలకడం మానేసింది. విజయవాడ సర్వీసు సెంటరుకు తీసుకుపోతే అక్కడి అబ్బాయి సీరియల్ నంబరు కొట్టి, తెర నా వైపు తిప్పి చూపించాడు. ‘వారంటీ ఉందమ్మా, కానీ అమెరికాలో ఉంది,’ అన్నాడు. దేశం మార్పించడానికి అసలు బిల్లు కావాలి; బిల్లు అన్నయ్య పాత ఈమెయిల్‌లో ఎక్కడో ఉంది. అది దొరికి, దరఖాస్తు పెట్టి, ఒప్పుకున్నారన్న కబురు వచ్చేసరికి మూడు వారాలు గడిచాయి. ఆపైన ఆ మోడల్ కీబోర్డు మన దేశంలో అమ్మే రకాల్లో లేదు కాబట్టి విడిభాగం రావడానికి మరో మూడు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ పక్కింటివారి అమ్మాయి కంప్యూటరు అడిగి తెచ్చుకుని ఒక నవల ప్రూఫులు పూర్తి చేశాను. సర్వీసు సెంటరులో అందరూ మర్యాదగానే మాట్లాడారు. చిక్కంతా అక్కడ అమ్మిన మోడల్ ఇక్కడ లేకపోవడంలోనే ఉంది.

అందుకే వేరే దేశంలో కొనేటప్పుడు మొదట చూడవలసింది చిప్పూ మెమరీ కావు; అదే మోడల్ మన దేశంలోనూ అమ్ముతున్నారా, వారంటీ దేశాలు దాటి వస్తుందా అన్నవి. లెనోవో థింక్‌ప్యాడ్ వంటి వ్యాపార తరగతి యంత్రాల్లో చాలావాటికి అంతర్జాతీయ వారంటీ సేవ ఉంటుంది. డెల్ యంత్రాలకు సర్వీసు ట్యాగును (యంత్రం గుర్తింపు సంఖ్యను) కొత్త దేశానికి మార్పించుకునే పద్ధతి ఉంది. అవసరం పడ్డాక కాకుండా, ఇక్కడికి చేరగానే ఆ పని చేయించుకోవడం మేలు. మ్యాక్‌ల ఏడాది వారంటీని ఏ దేశంలో కొన్నా సాధారణంగా ఇక్కడి అధీకృత సెంటర్లలో అంగీకరిస్తారు, సేవల తీరు, విడిభాగాల లభ్యత దేశాన్ని బట్టి మారవచ్చని మాత్రం వారంటీ పత్రంలో రాసి ఉంటుంది. నేను ఈసారి మ్యాక్‌బుక్ ఎయిర్ వైపు మొగ్గడానికి ఇదే ముఖ్య కారణం: డల్లాస్‌లో ఉన్న అదే యంత్రం గుంటూరులోనూ అమ్ముడుపోయేది. పార్టు నంబరు చివర అమెరికా, ఇండియా రకాలకు అక్షరాలు వేరుగా ఉంటాయి, లోపలి యంత్రం ఒకటే. అవసరం ఇంకా రాలేదు. బిల్లు ప్రతిని మాత్రం మూడు చోట్ల దాచుకున్నాను.

కరెంటు విషయానికి వస్తే, అమెరికాలో 120 వోల్టులు, మన ఇళ్లలో 230. ఈ తేడాకు భయపడి ట్రాన్స్‌ఫార్మర్ కొనేవారిని చూశాను. ల్యాప్‌టాప్ చార్జర్ మీద సన్నని అక్షరాల్లో ‘ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50–60 హెర్ట్జ్’ అని ఉంటే దానికి ఏ ట్రాన్స్‌ఫార్మరూ అక్కర్లేదు, ఇప్పటి చార్జర్లన్నీ దాదాపు అలాంటివే. మారేది ప్లగ్గు ఆకారం ఒక్కటే. అయితే ఆ ఆకారాన్ని తేలిగ్గా తీసుకోవడం వల్ల నేను పడిన ఇబ్బంది ఒకటి చెప్పాలి. మొదటి ల్యాప్‌టాప్ చార్జర్‌కు మూడు పిన్నులుండేవి: రెండు బల్లపరుపువి, ఒకటి గుండ్రటి ఎర్త్ పిన్ను. బజారులో నలభై రూపాయలకు కన్వర్టర్ ఒకటి ఇచ్చారు, దాని వెనక మాత్రం పిన్నులు రెండే. పెట్టిన రోజు నుంచి లోహపు మూత అంచు మీద మణికట్టు ఆనిస్తే చర్మం కింద చీమలు పాకినట్లు సన్నగా జివజివలాడేది. నా ఊహేమోనని ఊరుకున్నాను. ఒకరోజు అమ్మ పాత్రలు కడిగిన తడి చేత్తో దాన్ని పక్కకు జరపబోయి, చేయి లాక్కుని, ‘ఇది కరెంటు కొడుతోందే’ అంది. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ ఆనిస్తే లోపలి బల్బు మసక నారింజ రంగులో వెలిగింది.

కారణం పెద్ద లోపమేమీ కాదు. చార్జర్ లోపల విద్యుత్ రొదను వడపోసే కెపాసిటర్ల మీదుగా అతి కొద్ది కరెంటు యంత్రం లోహపు ఒంటికి చేరుతూ ఉంటుంది, దాన్ని భూమిలోకి పంపడానికే ఎర్త్ పిన్ను ఉంటుంది. రెండు పిన్నుల కన్వర్టర్ ఆ దారిని మూసేసింది. ఎలక్ట్రీషియన్ చార్జర్ డబ్బాలో నుంచి ఊడి వచ్చే తీగను, మూడు రంధ్రాల మూతి ఉన్నదాన్ని, తీసేసి అదే మూతి ఉన్న మన మూడు పిన్నుల తీగ, ఐఎస్ఐ గుర్తు ఉన్నది, పెట్టాడు. రెండు వందల లోపే ఖర్చు. జివజివ ఆ క్షణమే పోయింది. రెండు పిన్నుల చార్జర్ ఏ కంపెనీదైనా లోహపు ఒంటి యంత్రాల మీద ఇది కొంత కనిపించవచ్చు. అందుచేత నా సలహా ఒకటే: కన్వర్టర్ కొనకండి, తీగ మార్చండి. అమెరికా ప్లగ్గులోని ఎర్త్ పిన్నును కట్టర్‌తో తుంచేసి మన సాకెట్లో గుచ్చేవారున్నారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

కొత్త యంత్రం యూఎస్‌బీ–సీ ద్వారా చార్జ్ అవుతుంది కనుక కన్వర్టర్ గొడవే లేకుండా పోయింది. వెంట వచ్చిన 30 వాట్ల చార్జర్ తల అమెరికా రకం కాబట్టి దాన్ని పెట్టెలోనే ఉంచి, ఇక్కడే 45 వాట్ల యూఎస్‌బీ–సీ చార్జర్ కొన్నాను. తీగ అయస్కాంతంతో అతుక్కునే రకం. మేనల్లుడు పరిగెత్తుతూ కాలు తగిలించుకున్నా తీగ ఊడిందే తప్ప ల్యాప్‌టాప్ బల్ల మీద నుంచి కదల్లేదు.

వాడకంలో ఇది నాకు ఎంతో నచ్చింది. 1.24 కిలోల బరువు, ఫ్యాను లేదు కాబట్టి రాత్రి పూట నిశ్శబ్దం. కరెంటు పోయిన రోజున ఉదయం మొదలుపెట్టిన ప్రూఫులు సాయంత్రం దాకా బ్యాటరీ మీదే దిద్దాను. వచ్చిన కొత్తలో గుంటూరు ఎండ ఇంకా తగ్గలేదు. కంపెనీ ఈ యంత్రాన్ని 35 డిగ్రీల లోపు వేడిలో వాడమంటుంది, మా మేడ మీది గది మధ్యాహ్నాల్లో అంతకు మించుతుంది. ఫ్యాను లేని యంత్రం ఏదైనా వేడెక్కితే తన వేగాన్ని తగ్గించుకుంటుంది కనుక ఆ గంటల్లో కింది గదికి మారిపోయాను. కోస్తాలో ఉండి వీడియో పని చేసేవారు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

తెలుగు టైపింగ్‌కు ఏ ఇబ్బందీ లేదు. సెట్టింగులలో తెలుగు కీబోర్డును చేర్చుకుంటే చాలు, గ్లోబు బొమ్మ ఉన్న కీ నొక్కి ఇంగ్లిష్, తెలుగు మార్చుకోవచ్చు; ఒత్తులు, గుడి దీర్ఘాలు తెర మీద ఎంత స్పష్టంగా ఉంటాయంటే చిన్న అక్షరాల్లోనూ ‘ష్ట్ర’ విడివిడిగా చదవగలుగుతున్నాను. అమెరికా కీబోర్డు మీద రూపాయి గుర్తు అచ్చు వేసి ఉండదు. విండోస్‌లో ఇంగ్లిష్ (ఇండియా) కీబోర్డు ఎంచుకుని కుడివైపు ఆల్ట్‌తో 4 నొక్కితే ఆ గుర్తు పడుతుంది కాబట్టి అచ్చు లేనంత మాత్రాన యంత్రాన్ని కాదనుకోనక్కర్లేదు.

అచ్చు రంగంలో ఉన్నవారికి మాత్రం ఒక హెచ్చరిక. మన ప్రెస్సుల్లో ఇప్పటికీ చాలా పని ‘అను’ అనే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలోనే జరుగుతోంది, అను స్క్రిప్ట్ మేనేజరు నడిచేది విండోస్ మీద. ప్రచురణకర్త పంపిన అను ఫైలును మ్యాక్‌లో తెరిస్తే తెలుగు స్థానంలో అర్థం లేని రోమన్ గుర్తులు కనిపిస్తాయి. పద్దులు రాసేవారు వాడే ట్యాలీ కూడా విండోస్ సాఫ్ట్‌వేరే. అందువల్ల మొదటి ల్యాప్‌టాప్‌ను, కొత్త కీబోర్డు, మూడు పిన్నుల తీగతో, ఇంకా నా బల్ల మీదే ఉంచుకున్నాను. యూనికోడ్ (ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) పని అంతా మ్యాక్ మీద, అను ఫైళ్లు దాని మీద.

మా పిన్ని కొడుకు ఈ ఏడాది ఇంజనీరింగులో చేరాడు. నాకు తెచ్చినట్లే వాడికీ అమెరికా నుంచి తెప్పించమని పిన్ని అడిగితే, ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసి చూపించాను. ఆ వేళకు అక్కడి నుంచి వచ్చేవారెవరూ లేరు, అక్కడ తగ్గింపు అమ్మకాలూ నడవడం లేదు. విద్యార్థి ధరకు ఇక్కడే బిల్లు వేయించి, మొదటి రోజే చార్జర్‌ను మూడు పిన్నుల సాకెట్లో పెట్టి చూశాం.